చెక్క సిపాయిల రాజ్యం

దసరా సెలవులకు వచ్చిన మా మనవడు భోజనాల బల్ల నిండా ఒక దేశపటం పరచుకు కూర్చున్నాడు. నాలుగు డ్రాయింగు కాగితాలు అతికించి చేసిన పటం. కొండలు, నదులు, రేవులు, బళ్ల బాటలు, అడవి నడుమ ఒక పాడుబడ్డ కోట, అన్నీ నల్లసిరాతో పొందికగా గీశాడు. కూరల పళ్లెం ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు నిలబడి, "ఇది ఏ దేశంరా నాన్నా?" అన్నాను.

"ఏ దేశమూ కాదు నాన్నమ్మా. మా ఆటలో దేశం" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆట సంగతి అడిగితే ఓపికగానే చెప్పాడు. ఐదారుగురు స్నేహితులు చుట్టూ చేరతారట. ఒకడు ఆ లోకానికి సూత్రధారి. మిగిలినవాళ్లలో ఒకడు ఖడ్గవీరుడు, ఒకడు మంత్రగాడు, మరొకడు దొంగ. "మీరిప్పుడు వాగు దగ్గరకు వచ్చారు, వంతెన విరిగి ఉంది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరుతో ఈ ఆటను అచ్చు వేశారు. అప్పటినుంచి ఆటకోసం లోకాలు పుట్టించడం ఒక పెద్ద వృత్తే అయింది. వాటిలో మా వాడికి బాగా ఇష్టమైనది ఫర్గాటెన్ రెల్మ్స్ అట. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా ఆయన చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడే కథలకోసం దాన్ని ఊహించుకోవడం మొదలుపెట్టి, పెద్దయ్యాక ఆటలో వాడుకున్నాడు. 1987లో అది పుస్తకరూపంలో అందరి చేతుల్లోకీ వచ్చింది.

మా అబ్బాయికి మాత్రం ఈ వ్యవహారం ఏమీ నచ్చలేదు. పిల్లవాడిది ఇంటరు రెండో సంవత్సరం. "లెక్కలు చేయవలసిన కాగితాల మీద లేని ఊళ్లకు దారులు గీస్తున్నాడమ్మా. నువ్వు చెబితే వింటాడు, కాస్త మందలించు" అని ఆ రాత్రి నా దగ్గర కూర్చుని చెప్పాడు. సరేనన్నాను.

సరేనన్నానే గాని, మర్నాడు మందలించడానికి నోరు రాలేదు. ఇంగ్లండులో ఒక చర్చి పక్క ఇంట్లో నలుగురు పిల్లలు ఆడుకున్న ఆట జ్ఞాపకం వచ్చింది. ఆ నలుగురిలో ముగ్గురి పేర్లు మీకు తెలిసినవే. "జేన్ ఐర్" వ్రాసిన షార్లెట్ బ్రాంటీ, "వుదరింగ్ హైట్స్" వ్రాసిన ఎమిలీ, "ఆగ్నెస్ గ్రే" వ్రాసిన యాన్. నాలుగోవాడు వాళ్ల అన్నదమ్ముడు బ్రాన్వెల్. అతని పేరు అంతగా ఎవరికీ తెలియదు.

యార్క్‌షైరు కొండప్రాంతంలో హావర్త్ అనే ఊరు. ఎదురుగా సమాధులు, వెనక చెట్టూచేమా లేని బీడు మెరకలు, నడుమ రాతి ఇల్లు. తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఆ ఊరి చర్చి గురువు. ఆరుగురు పిల్లల్ని వదిలి తల్లి 1821లో కన్నుమూసింది. పెంచడానికి తల్లి అక్కగారు వచ్చి ఇంట్లో ఉండిపోయింది. 1825లో, బడి హాస్టలులో జబ్బుపడి ఇంటికి చేరిన పెద్దపిల్లలిద్దరూ, పదకొండేళ్లదీ పదేళ్లదీ, నెలా పదిరోజుల తేడాలో పోయారు. అంతవరకు మూడోదిగా ఉన్న షార్లెట్ తొమ్మిదేళ్లకే పెద్దక్క అయి కూర్చుంది.

మరుసటి యేడు, 1826 జూన్‌లో, తండ్రి లీడ్స్ నగరానికి వెళ్లి బ్రాన్వెల్‌కోసం పన్నెండు చెక్క సిపాయిలున్న పెట్టె ఒకటి తెచ్చాడు. ఆయన ఇల్లు చేరేసరికి రాత్రయింది. తెల్లవారగానే బ్రాన్వెల్ ఆ పెట్టె పట్టుకుని ఆడపిల్లల గది తలుపు దగ్గరకు పరుగెత్తాడు. షార్లెట్ మంచం మీదనుంచి దూకి అందరికంటే అందమైన సిపాయిని లాక్కుని, వీడు వెల్లింగ్టన్ ప్రభువు, వీడు నావాడు అనేసింది. ఎమిలీ మూతి ముడుచుకున్న బొమ్మను తీసుకుంది. యాన్ తనలాగే పొట్టిగా, చిత్రంగా ఉన్నవాడిని ఎంచుకుంది. బ్రాన్వెల్‌కు నెపోలియన్ మిగిలాడు. మిగిలాడనకూడదేమో, అతనికి కావలసింది అతడే.

ఈ వెల్లింగ్టన్ మనకు కొత్తవాడేమీ కాదు. ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో శ్రీరంగపట్నం మీదికి దండెత్తిన సేనల్లోనూ, 1803లో అస్సాయె యుద్ధంలోనూ ఉన్నాడు. మన దక్కనులో పేరు తెచ్చుకుని, తరువాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన పెద్దమనిషి. ఆయన చెక్కబొమ్మై హావర్త్‌లో ఒక పిల్ల దిండు కిందికి చేరాడన్నమాట.

మన ఇళ్లలోనూ పిల్లలు గుజ్జనగూళ్లు వండారు, బొమ్మల పెళ్లిళ్లు చేశారు. నేనూ చేశాను. మా పక్కింటి మగపెళ్లివారు కట్నం చాలలేదని అలిగితే బెల్లంముక్కతో సముదాయించాం. కాని మా పెళ్లి సాయంత్రానికల్లా అయిపోయేది. బెల్లం తినేశాక వధూవరులు మళ్లీ గుడ్డపీలికలే. హావర్త్‌లో మొదలైన ఆట అలా ముగియలేదు. కొందరికి పదమూడేళ్లు సాగింది, కొందరికి ఇరవై యేళ్లు.

1827 డిసెంబరులో ఒక రాత్రి జరిగిన ముచ్చట షార్లెట్ తరువాత వ్రాసిపెట్టింది. బయట మంచుగాలి. పిల్లలు వంటింటి పొయ్యి చుట్టూ చేరారు. కొవ్వొత్తి వెలిగించమని వంటమనిషి టాబీతో పోట్లాడి ఓడిపోయారు. ఆ ఇంట్లో వంటమనిషి మాటకు ఎదురులేదు. ఏం తోచడంలేదని బ్రాన్వెల్ సణిగాడు, చెల్లెళ్లు వంత పాడారు. తోచకపోతే పోయి పడుకోండని టాబీ అంది. పడుకోవడం తప్పించుకోవడానికి షార్లెట్ ఒక ఎత్తు వేసింది. మనకు తలా ఒక ద్వీపం ఉందనుకుందాం అంది. అంతే! నలుగురూ నాలుగు దీవులు కోరుకున్నారు. ఆ దీవులకు ప్రభువులెవరు, వైద్యులెవరు అని జాబితా వేస్తూండగా గడియారం ఏడు కొట్టింది, పక్కల మీదికి పిలుపు వచ్చింది. పొద్దుపోని పిల్లలకు కొవ్వొత్తి ఇవ్వకపోతే ఇంత పని జరుగుతుంది!

చెక్క సిపాయిలు మాత్రం ఓడ ఎక్కి ఆఫ్రికా పడమటి తీరానికి వెళ్లారు. అక్కడ గ్లాస్ టౌన్ అనే మహానగరం కట్టారు. అద్దాల ఊరన్నమాట. దాని చుట్టూ నలుగురు నాయకులకు నాలుగు రాజ్యాలు. పిల్లలు నలుగురూ ఆ లోకానికి జిన్నులు, అరేబియా కథల్లో ఉండేవారే. షార్లెట్ టాలీ అయింది, తక్కినవాళ్లు బ్రానీ, ఎమ్మీ, ఆనీ. యుద్ధంలో సిపాయి చచ్చిపోతే జిన్నులు బతికించేవారు. బొమ్మలు పన్నెండే గనుక బతికించక తప్పదు.

ఆ దేశానికి బ్రాన్వెల్ పటం గీశాడు. 1829 జనవరిలో దానికొక పత్రిక పెట్టాడు. ఇంటికి వచ్చే బ్లాక్‌వుడ్స్ పత్రికకు అది బుల్లి తమ్ముడు. కొన్ని నెలలకే షార్లెట్ సంపాదకత్వం లాక్కుంది. కథలు, పద్యాలు, పుస్తక సమీక్షలు, చివరికి ప్రకటనలు కూడా ఉండేవి. పుస్తకం ఇంచుమించు అగ్గిపెట్టె అంత. సిపాయిల చేతికి సరిపోవాలి కదా! అక్షరాలు అచ్చక్షరాల్లా, చీమతలకాయలంత. భూతద్దం ఉంటేగాని చదవలేం. పెద్దవాళ్ల కంట పడకుండా ఉండడానికి అది ఎంతో సుఖం కూడాను. తండ్రికి చూపు అంతంతమాత్రం. 1833లో ఆయన షార్లెట్‌కు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఇందులో వ్రాసేదంతా స్పష్టంగా, అందరూ చదవగలిగేట్టు ఉండాలని మొదటి పుటలో షరతు వ్రాశాడు. ఆడపిల్ల ఏం వ్రాసుకుంటున్నదో ఆయనకు అంతుపట్టలేదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

ఆ బుల్లిపత్రికల్లో 1830 నాటి సంచిక ఒకటి 2019లో పారిస్ వేలంలోకి వచ్చింది. హావర్త్ ఇంటిని మ్యూజియంగా నడుపుతున్న బ్రాంటీ సొసైటీ దాన్ని ఆరు లక్షల యూరోలకు కొన్నది. మా సంపాదకులు ఈ వాక్యం చదివి పాత సంచికలు దాచుకుంటే దాచుకోవచ్చు.

ఒక్క సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ తీరంలో అంతకుముందే ఉన్న అశాంటీ ప్రజలు ఈ ఆటలో శత్రువులు. వాళ్ల రాకుమారుడు క్వాషియా చివరిదాకా ప్రతినాయకుడే. పెద్దలు నిజంగా చేస్తున్న దండయాత్రలే పిల్లలు చెక్కబొమ్మలతో చేశారు. పత్రికల్లో చదివిందే ఆటలోకి వచ్చింది. పిల్లల లోకం కదా, అంతా వెన్నెలే అనుకుంటే పొరపాటు.

1831లో షార్లెట్ చదువుకని రో హెడ్ బడికి వెళ్లింది. అక్క లేని అదను చూసి ఎమిలీ, యాన్ వేరుపడ్డారు. ఎంతకాలమని పెద్దవాళ్లు చెప్పిన యుద్ధాలు చేస్తారు? ఉత్తర పసిఫిక్ సముద్రంలో గోండాల్ అనే ద్వీపం, దక్షిణ పసిఫిక్‌లో గాల్‌డైన్ అనే మరొకటి కల్పించుకున్నారు. వీటిని యాన్ ఇంట్లో ఉన్న పాఠ్యపుస్తకం భూగోళంలో, ఊళ్ల పేర్ల పట్టికలో అక్షరక్రమంలో చేర్చి వ్రాసింది. అసలు దేశాల నడుమ గోండాల్ కూడా బుద్ధిగా కూర్చుంది. 1834 నవంబరులో అక్కచెల్లెళ్లు కలిసి వ్రాసుకున్న చిన్న కాగితం ఒకటి ఉంది. పుడ్డింగుకు ఆపిలుపళ్ల తోలు తీస్తున్నామనీ, గోండాల్‌వాళ్లు గాల్‌డైన్ లోపలి ప్రాంతాలు కనుక్కుంటున్నారనీ ఒకే ఊపులో వ్రాసింది ఎమిలీ. రెండూ ఆ ఇంట్లో ఆనాటి వార్తలే.

పెద్దవాళ్లిద్దరూ, షార్లెట్, బ్రాన్వెల్, అదే యేడు ఆంగ్రియా అనే కొత్త రాజ్యం పెట్టారు. వెల్లింగ్టన్ పెద్దకొడుకు జమోర్నా ప్రభువు అక్కడి రాజు, షార్లెట్ మనిషి. అందగాడు, గర్విష్ఠి, స్త్రీల పాలిటి శని. అతని మామగారు, శత్రువు కూడా అయిన నార్తాంగర్‌లాండ్ బ్రాన్వెల్ మనిషి. 1835లో షార్లెట్ చదువుకున్న బడికే పంతులమ్మగా వెళ్లవలసి వచ్చింది. పగలంతా వ్యాకరణం చెబుతూంటే కళ్లముందు ఆంగ్రియా కదిలేది. ఒకసారి అలా కళ్లుమూసుకుని ఉండగా ఒక పిల్ల పాఠంలో సందేహంతో వచ్చేసరికి కడుపులో తిప్పి వాంతి అవుతుందనిపించిందట. పంతులమ్మ ఉద్యోగం చేసిన సోదరీమణులు ఆమెను క్షమిస్తారని నా నమ్మకం.

ఇక్కడే కథకూ ఆటకూ ఉన్న తేడా తెలుస్తుంది. కథ ఒక్కరిది. వ్రాసేవాడు చంపితే చచ్చారు, బతికిస్తే బతికారు. ఆట ఇద్దరిది. 1836లో షార్లెట్ బడిలో ఉండగా ఇంటి దగ్గర బ్రాన్వెల్ యుద్ధం నడిపి జమోర్నా భార్య మేరీని మృత్యుముఖానికి తెచ్చాడు. ఆమె నిజంగా పోయిందా, పూడ్చారా, ఒంటరిగా చలిమట్టిలో పడుకుందా అని షార్లెట్ ఎక్కడో మైళ్ల దూరాన కూర్చుని బెంగపడుతూ వ్రాసుకుంది. ఇల్లు చేరాక మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి మేరీని మళ్లీ బతికించడం. తమ్ముడు చంపాడు, అక్క బతికించింది. ఇంకొకరి చేతిలో కూడా ఉన్న లోకాన్ని ప్రేమించడమంటే అంత కష్టం ఉంటుంది.

ఆ డిసెంబరులోనే ఆమె ఆస్థానకవి రాబర్ట్ సౌదీకి తన పద్యాలు పంపింది. మార్చిలో జవాబు వచ్చింది. సాహిత్యం స్త్రీకి జీవనవృత్తి కాజాలదనీ, అదేపనిగా పగటికలలు కంటే లోకంలో మామూలు పనులు చప్పబడిపోతాయనీ పెద్దమనిషి హితవు చెప్పాడు. షార్లెట్ ఆ ఉత్తరాన్ని కలకాలం దాచుకోవాలని పైన వ్రాసి మరీ దాచింది. దాచి, ఆంగ్రియా కథలు వ్రాస్తూనే ఉంది. మందలించబోయే నానమ్మలు ఈ భాగం రెండుసార్లు చదవాలి. అయితే ఒకటి, సౌదీ చెప్పినదాంట్లో రెండో సగం ఉత్తమాట కాదు. ఆమెకే అది తెలుసు. 1839 ప్రాంతంలో ఆంగ్రియాకు వీడ్కోలు చెబుతూ ఒక చిన్న వ్యాసం వ్రాసుకుంది. ఇన్నాళ్లు ఒకే ఎండలో కాగాను, మబ్బుపట్టిన చల్లని నేలకు పోవాలి అనే ధోరణిలో సాగుతుంది. తెలిసిన ముఖాలన్నీ వదిలి, పేరైనా తెలియని మనుషుల మధ్యకు పోతున్నట్టుగా ఉందని బాధపడింది. వీడ్కోలైతే చెప్పింది గాని, నాలుగేళ్ల తరువాత బ్రస్సెల్స్‌లో ఉన్నప్పుడు, సాయంత్రం ఒంటరిగా ఉంటే ఆ పాత ముఖాల దగ్గరకే పోతున్నానని తమ్ముడికి ఉత్తరం వ్రాసింది. 1847 అక్టోబరులో "జేన్ ఐర్" వచ్చింది. అందులో రోచెస్టరును చూడండి. జమోర్నా వయసు మళ్లి, కిరీటం తీసేసి, పొగరులో కొంత ఉంచుకుని వచ్చినట్టుంటాడు. అతని ఎదుట రాణికి బదులు, డబ్బూ అందమూ లేని పంతులమ్మ నిలబడింది. ఆ పంతులమ్మ ఆంగ్రియాలో పుట్టదు.

బ్రాన్వెల్ వీడ్కోలు చెప్పలేదు. చిత్రకారుడు కాబోయాడు, రైలు గుమాస్తా అయ్యాడు, ఇంటి మేష్టరు అయ్యాడు, ఏదీ నిలవలేదు. పత్రికలకు పద్యాలు పంపినా కింద సంతకం నార్తాంగర్‌లాండ్ అనే. తాగుడు, నల్లమందు, అప్పులు. 1848 సెప్టెంబరులో ముప్పై ఒకటో యేట పోయాడు. ఆట వల్ల చెడ్డాడనడం నాకు న్యాయంగా తోచదు. ఆ ఆటే ఆడిన అక్క చెడలేదు గదా. ఇంటికి ఒక్క మగపిల్లవాడని అందరూ అతనిమీద పెట్టుకున్న ఆశ కూడా ఆ లెక్కలో వేయాలి.

ఎమిలీ సంగతి వేరు. ఆమెకు వీడ్కోలు అవసరమే తోచలేదు. 1845 జూన్ ఆఖరున యాన్‌తో కలిసి యార్క్ పట్టణానికి వెళ్లింది. ఎమిలీకి నెల తక్కువ ఇరవై ఏడు, యాన్‌కు ఇరవై అయిదు. దారిపొడుగునా ఇద్దరూ గోండాల్ రాకుమారులై, రాకుమార్తెలై, కోటల్లోంచి పారిపోయి తమవాళ్లతో చేరుతున్నట్టు ఆడుకున్నారు. గోండాల్‌వాళ్లు ఎప్పటిలాగే వర్ధిల్లుతున్నారని జూలై ఆఖరున ఎమిలీ ఉల్లాసంగా వ్రాసుకుంటే, గోండాల్‌వాళ్లిప్పుడు ఆటకు అంత అనువుగా లేరని అదే సమయానికి యాన్ వ్రాసుకుంది. అయిదేళ్లు పరాయి ఇంట్లో పిల్లలకు చదువు చెప్పి అలసివచ్చిన చెల్లెలు, అక్క సరదాకోసం ఆడిందేమో అనిపించి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన చదివితే నాకు గుండె బరువెక్కుతుంది.

గోండాల్ గద్యకథ ఒక్క పుటైనా మిగలలేదు. 1848 డిసెంబరులో ఎమిలీ, మరుసటి మేలో యాన్ పోయారు. మిగిలినవి పద్యాలు, ఈ చిన్న కాగితాలు. ఆ పద్యాల్లో ఎవరు ఎవరికోసం ఏడుస్తున్నారో, ఏ రాణి ఎవరిని చెరలో పెట్టిందో, ఫానీ రాచ్‌ఫర్డ్ అనే అమెరికా విదుషి యేళ్ల తరబడి కూర్చి, 1955లో ఒక పుస్తకంగా వేసింది. పగిలిన కుండ పెంకులు ఏరి కుండ ఆకారం ఊహించడం అది.

ఈ గోండాల్ దగ్గరకు వచ్చేసరికే నాకు నోరు పడిపోయింది. నలభై యేళ్ల కిందటి మాట. మా అబ్బాయి, మా అమ్మాయి డాబా మీద చింతపిక్కల సైన్యాలు పెట్టుకుని ఒక రాజ్యం ఏలేవారు. దానికి రాజులు, పన్నులు, కరువులు, యుద్ధాలు. అవన్నీ మూడు నోటుపుస్తకాల్లో వ్రాసి ట్రంకుపెట్టె అడుగున దాచారు. వాడు పదో తరగతికి వచ్చిన యేడు నేను ఆ పుస్తకాలు తీసి, పాత కాగితాలవాడి తక్కెడలో వార్తాపత్రికలతో పాటు వేశాను. చదువుకోసమే. వాడు ఏడవలేదు, అడగనూ లేదు. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. మా అమ్మాయి మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందులో సగం రాజ్యం దానిదని నాకు అప్పుడు తట్టలేదు.

మొన్న రాత్రి భోజనాలయ్యాక మా అబ్బాయితో, "మందలించమన్నావు గదా, ముందు ఒకటి అడుగుతాను. మీ చింతపిక్కల రాజ్యంలో సేనాపతి ఎవడురా?" అన్నాను. వాడు కాసేపు నావంక చూశాడు.

"ఒకవైపు తోలు ఊడిన పిక్కమ్మా. కంటికి దెబ్బ తగిలిందని చెప్పుకునేవాళ్లం" అన్నాడు. తరువాత, "మూడో పుస్తకంలో కరువు పన్ను లెక్క తేలలేదు. చెల్లాయి ఒప్పుకోలేదు" అన్నాడు.

మనవడు పటం మీదినుంచి తల ఎత్తి, "మీకు కరువు వస్తే ఎవరు తేల్చేవారు నాన్నా? పాచికలుండేవా?" అని అడిగాడు.

"పాచికలెక్కడివిరా, గవ్వలు వేసేవాళ్లం" అని మా అబ్బాయి కుర్చీ దగ్గరకు జరిపి పటం మీదికి వంగాడు. "ఇదేమిటి, నీ నది కొండ ఎక్కుతోంది?"

వాళ్లిద్దరూ నదిని దించేపనిలో ఉండగా నేను వెళ్లి మా అమ్మాయికి ఫోను చేశాను.